కిటికీలో చెయ్యి

జూన్ 9

కాలికి కట్టు వేశారు, తొడ దగ్గరనుంచి మడమ దాకా. రేవు మెట్ల మీద నాచు ఉంది జాగ్రత్త అని ఎక్కే ప్రతి మనిషికీ చెప్పేదాన్ని నేను. జారింది కూడా నేనే.

సాయంత్రం ఆయన వచ్చి మంచం పక్కన కూర్చుని, చాలాసేపు కట్టుకేసి చూసి, రేపటినుంచి లాంచీ ముందు నా చోట్లో టికెట్లమ్మాయిని కూర్చోబెడతానన్నారు. సరే అన్నాను. లాంచీ ఆగకూడదు కదా, ఎవరో ఒకరు కూర్చోవాలి. నాకేమీ అనిపించలేదు.

జూన్ 10

నా గ్లౌజులు అడిగారు. నారింజరంగు రబ్బరువి.

"ఆ పిల్లకి వదులైపోతాయండీ" అన్నాను.

"ఏం పర్లేదు. దారం కట్టుకుంటుందిలే."

"ఇవ్వను."

వంటింట్లోంచి అత్తయ్య నవ్వడం వినబడింది. ఆయన కొత్త జత కొని తీసుకెళ్ళారు. కొత్తవి నావాటికంటే మెరుస్తాయన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

జూన్ 12

ఆయన ఆ పిల్లని ఇంటికి తీసుకొచ్చారు, నన్ను పని నేర్పమని. ఇరవై దాటి ఉండవు. చేతులు సన్నగా పొడుగ్గా ఉన్నాయి. నన్ను అక్కా అంది. ఆయన్ని అన్నయ్యా అంది. మొదట్లో అందరూ అన్నయ్యా అనే అంటారు.

నేర్పాను. మనస్ఫూర్తిగానే నేర్పాను. ఇంజను హోరులో లాంచీ నడిపే సరంగుకి నీ గొంతు వినబడదు, ముందు మనుషులు నిలబడితే నీళ్ళూ కనబడవు, నీ చేతులే ఆయనకి కళ్ళు అన్నాను. కుడి చెయ్యి ఎత్తితే లాంచీ కుడికి తిరుగుతుంది, ఎడమ ఎత్తితే ఎడమకి. రెండూ ఎత్తితే ఇంజను ఆపేస్తారు. ఇంతే. వెనక్కి తిరిగి చూడకు, నమ్ముతారో లేదో అని అనుమానపడకు.

"తేలే దుంగలకి భయపడక్కర్లేదు. అవి కనబడతాయి. నిలువు దుంగ ఉంటుంది, దాంతోనే తంటా. ఒక కొస నీళ్ళు తాగి బరువెక్కి కిందికి దిగిపోతుంది. రెండో కొస నీటి అంచు దాకా వచ్చి, అలకి ఒకసారి తల ఎత్తి మళ్ళీ మునిగిపోతుంది. ఎక్కడుందో తెలియదు. తగిలాక తెలుస్తుంది. మేము దాన్ని అత్తగారు అంటాం."

"నన్నేనా?" అని కేకేశారు అత్తయ్య పక్క గదిలోంచి.

పిల్ల పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వారు. ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

చివర్లో ఇంకోటి చెప్పాను. ఊరికే రెండు చేతులూ ఎత్తకు, మాటిమాటికీ లాంచీ ఆపించడం చేతగానివాళ్ళ లక్షణం అని. బుద్ధిగా తలూపింది.

జూన్ 13

వాన.

జూన్ 16

ఆయన పాత బైనాక్యులర్ అటక మీద దొరికింది. కిటికీ దగ్గర కూర్చుంటే పొద్దుపోతుందని తీయించాను. మా ఇల్లు గట్టు మీద, రేవుకి ఎదురుగా. లాంచీ ఆఖరి మలుపు తిరిగిందంటే తిన్నగా మా కిటికీకేసే వస్తుంది.

"నది మొత్తం మింగేసేలా ఉన్నావే" అన్నారు అత్తయ్య.

"దుంగలు చూస్తున్నానత్తయ్యా."

"దుంగలకి జడ ఉంటుందేమిటే?"

బైనాక్యులర్ మళ్ళీ కళ్ళకి పెట్టుకున్నాను.

జూన్ 18

అన్నం తింటూ, ఆ పిల్లవి పిట్ట కళ్ళు అన్నారు. నీళ్ళ మీద ఈగ వాలినా పసిగడుతుందట. ఒక్కసారి చెబితే చాలట.

"ఎవరు చెప్పారో అది కూడా అనండి" అన్నాను.

"నువ్వే కదా నేర్పింది. అందుకే అంటున్నాను."

అందుకే అట. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటే ఇదే కాబోలు. కూర్చున్నచోటినుంచే కూర వడ్డిస్తూ నా చేతులకేసి చూశాను. పసుపు, గరిటె మసి. ఆయన కంచంలోకే చూస్తూ తిన్నారు.

జూన్ 19

నిన్న రాయనిది ఇది. పెళ్ళికి ముందు నేను మా నాన్న పడవలో ముందు కూర్చునేదాన్ని. ఆయన అప్పుడు మా నాన్న దగ్గర పని నేర్చుకుంటున్నారు. నన్నిమ్మని నాన్నని అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తే. "మీ అమ్మాయి చేతులు చూస్తూ ఎంత నదైనా దాటేస్తానండీ" అన్నారట. ముఖం గురించి ఒక్క మాట అనలేదట. అమ్మ చాలాకాలం నవ్వింది. నాకు మాత్రం అంతకంటే మంచి మాట ఎవరూ అనలేదు.

ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన చూసేది ఇంకొకళ్ళ చేతులు. అది పనే. నాకు తెలుసు. నేను అక్కడ కూర్చున్నన్నాళ్ళూ అది పని మాత్రమే అని నేను ఒక్క రోజు కూడా అనుకోలేదు. ఆ పిల్ల మాత్రం పని అనే అనుకుంటుందని ఏమిటి నమ్మకం?

కుళ్ళు. ఇదీ దాని పేరు. రాసేశాను కనుక తగ్గుతుందేమో చూడాలి.

జూన్ 20

తగ్గలేదు.

జూన్ 22

ఎగువన కుండపోతగా కురిసిందట. కలప మిల్లు వాళ్ళు నదికి అడ్డంగా కట్టిన గొలుసు తెగి, దుంగలన్నీ కొట్టుకొచ్చేశాయి. కిటికీలోంచి చూస్తే నది మీద నల్లగా కదులుతున్నాయి. చిన్న పడవలన్నీ ఒడ్డుకి లాగేశారు. మా లాంచీ ఒక్కటే తిరిగింది. అవతలి ఒడ్డు ఆసుపత్రిలో నర్సులు డ్యూటీ మారాలి, తప్పదు.

మలుపు దగ్గర లాంచీ పాములా మెలికలు తిరుగుతూ వచ్చింది. ఆ పిల్ల చెయ్యి లేస్తుంది, లాంచీ తిరుగుతుంది. చెయ్యి లేస్తుంది, తిరుగుతుంది. మధ్యలో రెప్పపాటు కూడా లేదు. మేమిద్దరం అలా కుదరడానికి ఎంతకాలం పట్టిందో.

రేవులో దిగినవాళ్ళంతా ఆ పిల్లకి చప్పట్లు కొట్టారు. చప్పట్లు గట్టు దాకా వినిపించాయి. నాకు ఇన్నేళ్ళలో ఎవరూ కొట్టలేదు. నేను ఉన్నన్నాళ్ళూ లాంచీ దేనికీ తగల్లేదు, అది అందరికీ మామూలైపోయింది.

బీరువాలోంచి నా గ్లౌజులు తీసి తొడుక్కున్నాను. ఊరికే. చేతులు చల్లగా ఉన్నాయి.

జూన్ 23

ఈరోజు లాంచీ మలుపు తిరగగానే కిటికీలోంచి చెయ్యి ఊపాను, గ్లౌజుతో. హారన్ కొట్టారు! అత్తయ్య ఉలిక్కిపడి టీ ఒలకబోసుకున్నారు.

ఇంటికొచ్చాక, "దూరంనుంచే తెలిసిపోయింది నీ చెయ్యని" అన్నారు. "అంత దూరంనుంచా?" అన్నాను. "నీ చెయ్యి నాకు తెలియకపోవడమేమిటి?" అన్నారు.

రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

జూన్ 24

హారన్.

జూన్ 25

హారన్. ఆ పిల్ల కూడా తల ఎత్తి కిటికీకేసి చూసి నవ్వింది. ఆవిణ్ణి ఎవరు చూడమన్నారు? నీళ్ళు చూసుకోవాలి గానీ.

జూన్ 27

మధ్యాహ్నం ట్రిప్పులో లాంచీ దుంగకి తగిలింది. అందరూ క్షేమం. ఇంకేమీ రాయను.

జూన్ 28

రాస్తాను. అంతా చూసినదాన్ని నేనే కదా.

లాంచీ మలుపు తిరిగి తిన్నగా వస్తోంది. ఇంకాస్తలో రేవు. నిలువు దుంగ లాంచీకి ఎదురుగా, కొంచెం ఎడమ పక్కన ఉంది. పైనుంచి దాని తల ఒకసారి కనబడి మునిగింది. లాంచీ కుడికి తిరగాలి. ఎడమకి తిరిగింది. పెద్ద చప్పుడు కాలేదు, చెక్కపెట్టె కింద పడితే వచ్చేటంత చప్పుడు. ముందు కూర్చున్న పిల్ల ఎగిరి నీళ్ళలో పడింది. కాసేపు కనబడలేదు. తర్వాత నారింజరంగు చెయ్యి ఒకటి పైకి వచ్చింది, ఎవరో తాడు విసిరారు. మణికట్టు విరిగిందట. లాంచీ అడుగు చెక్క పగిలి నీళ్ళొస్తుంటే అలాగే రేవు పక్క బురదలోకి ఎక్కించేశారు ఆయన. జనం మోకాళ్ళ దాకా బురదలో దిగి నడిచారు.

పిల్ల ఏ చెయ్యి ఎత్తిందో నాకు సరిగ్గా కనబడలేదు. ఎడమ అయ్యుంటుంది. లాంచీ ఎడమకే కదా తిరిగింది.

గ్లౌజులు బీరువాలో బట్టల అడుగున పెట్టాను.

జూన్ 29

రేవులో అందరూ ఆ పిల్లనే అంటున్నారట. టికెట్లు చింపుకునే పిల్లని తీసుకొచ్చి ముందు కూర్చోబెడితే ఇంతే అని. చప్పట్లు కొట్టినవాళ్ళే. అత్తయ్య కూరగాయలు తెచ్చుకుంటూ విని వచ్చి చెప్పారు.

"అనుభవం లేదు కదండీ మరి" అన్నాను.

అత్తయ్య సంచీ దించి నాకేసి చూశారు. "నేను నిన్నేమీ అనలేదే" అన్నారు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని.

జూన్ 30

ఆయన మూడు రోజులుగా మాట్లాడటం లేదు. తింటున్నారు, బయట అరుగు మీద కూర్చుంటున్నారు. మధ్యాహ్నం కర్ర ఆనించుకుంటూ వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఎవరి చెయ్యి చూశారు?" అన్నాను.



"నీదే" అన్నారు. "ఆ పిల్ల చెయ్యి కనబడుతూనే ఉంది. కుడి వైపు లేచింది. దాని వెనకాల, పైన, కిటికీలో నీ చెయ్యి ఎడమ వైపు లేచింది. నేను ఆలోచించలేదే. నీ చెయ్యి లేచింది, నా చెయ్యి తిరిగింది."

నాకు వచ్చింది సంతోషం. సిగ్గు లేకుండా, కడుపు నిండా, ముందు వచ్చింది సంతోషమే. ఇద్దరి చేతులూ ఒకేసారి ఎదురుగా ఉంటే ఆయన నాదే చూశారు. ఎన్నాళ్ళుగానో నేను వినాలనుకుంటున్న మాట అదే. పగిలిన లాంచీ కళ్ళ ముందే ఉంది, నేను లోపల గంతులేస్తున్నాను. తర్వాతే మిగతాదంతా వచ్చింది.

నేను ఎత్తింది కుడి చెయ్యి. కుడికి తిరగమని. అది లాంచీ ముందు కూర్చుంటే కుడి. అక్కడ నా వీపు ఆయనకేసి ఉండేది, నా కుడీ ఆయన కుడీ ఒకటే. కిటికీలో నేను ఆయనకి ఎదురుగా ఉన్నాను. అద్దం ముందు రోజూ తల దువ్వుకునే మనిషిని, నాకా మాత్రం తెలియదా? చెయ్యి ఎత్తేటప్పుడు తెలియలేదు. లాంచీ ముక్కు ఎడమకి కదిలిన క్షణంలో తెలిసింది. మొన్న ఆ సంగతి రాయలేదు. పిల్ల ఏ చెయ్యి ఎత్తిందో కనబడలేదని రాశాను. కనబడింది. కుడి. నాకంటే ముందే ఎత్తింది. అసలు దుంగని నేను చూసింది కూడా ఆవిడ చెయ్యి లేచాకనే. చెయ్యి చూసి, ఎందుకు ఎత్తిందా అని నీళ్ళకేసి చూస్తే అప్పుడు కనబడింది. ఆ పని ఆవిడ చేసేసింది. నేను ఎత్తక్కర్లేదు. ఆవిడ చెయ్యికి లాంచీ తిరగకముందే నా చెయ్యికి తిరగాలనుకున్నాను.

రెండు చేతులూ ఎత్తి ఉంటే ఇంజను ఆగేది. అది చేతగానివాళ్ళ లక్షణం కదా.

జూలై 2

పిల్ల వచ్చింది, మెడకి గుడ్డ కట్టి చెయ్యి వేలాడేసుకుని. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"అక్కా, మీరు పైనుంచి చూశారుగా. నేను కుడి చెయ్యే ఎత్తాను కదా?"

నేను మంచం అంచు సవరించాను.

"అందరూ ఎడమ ఎత్తావంటున్నారు. ముందు నవ్వుకున్నానక్కా, నా చేతులు నాకు తెలియవా అని. రోజూ అదే మాట వింటుంటే ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది. కళ్ళు మూసుకుంటే ఒకసారి కుడి లేస్తుంది, ఒకసారి ఎడమ లేస్తుంది. మీరు చెబితే నమ్ముతాను."

"నేను సరిగ్గా చూడలేదమ్మా" అన్నాను.

"పోనీలెండి" అంది. మెట్లు దిగబోతూ గుమ్మం దగ్గర విరగని చెయ్యి కొంచెం ఎత్తి, అది ఏ చెయ్యో చూసుకుంది. నేను చూస్తున్నానని తెలియదు.



జూలై 3

రేపు రేవు ఆఫీసులో విచారణ. తప్పు పిల్లదైతే ఆవిణ్ణి ఇక ఏ లాంచీ ఎక్కనివ్వరు. సరంగుదైతే ఆయన లైసెన్సు పోతుంది.

"నాదేనని చెప్పేస్తాను" అన్నారు ఆయన, గోరు కొరుక్కుంటూ. "చెయ్యి తప్పు చూశానంటాను. ఎవరి చెయ్యో అడగరుగా. నీ పేరెందుకు మధ్యలో?"

"పిల్ల ఏమంటుందట?"

"అదీ అంతే. తప్పు నాదే అయ్యుంటుందన్నయ్యా, మీరు మీద వేసుకోకండి అంటోంది పిచ్చి మొహం. రేవులో అరగంట వాదించుకున్నాం."

అరగంట. ఆయన ఆవిడ కోసం, ఆవిడ ఆయన కోసం. తప్పులో కూడా వాళ్ళిద్దరే ఉన్నారు, నాకు చోటు లేదు. చేసింది నేను!

అత్తయ్య పక్కనే బియ్యం ఏరుతున్నారు. తల ఎత్తకుండానే అన్నారు, "మొగుడు కొట్టినందుకు కాదుట, తోడికోడలు నవ్వినందుకుట. నీ సంగతి అలాగే ఉందే. ఏ కారణానికైనా సరే, వెళ్ళేది ఉంటే పొద్దున్నే చెప్పు. రిక్షా మాట్లాడతాను."

ఆవిడకి మొదటినుంచీ తెలుసు. లాంచీ దుంగకి తగిలిన రోజు టీ తీసుకుని నా వెనకాలే నిలబడ్డారని ఇప్పుడు గుర్తొచ్చింది.

జూలై 4

మంచితనంతో వెళ్ళానని రాసుకోను. ఆ పిల్ల మొహం గుర్తొచ్చి కొంత వెళ్ళాను. వాళ్ళిద్దరినీ ఒక తప్పులో వదిలిపెట్టలేక కొంత వెళ్ళాను. ఏది ఎంతో నాకే తెలియదు.

ఆఫీసు గదిలో పొడుగాటి బల్ల, పైన ఫ్యాను. రేవు అధికారి కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. బల్లకి అటు పక్క ఆయన, పక్కనే పిల్ల. నన్ను చూసి ఆయన లేవబోయారు. నేను కర్రలతో ఇటు పక్క నిలబడ్డాను. చెప్పాల్సింది చెప్పేశాను. కిటికీ, గ్లౌజులు, నా కుడి చెయ్యి. ఆవిడ ముందే కుడి చెయ్యి ఎత్తింది, నేను కళ్ళారా చూశాను అన్నాను. పిల్ల బల్ల మీద తల ఆనించేసింది.

అధికారి నమ్మలేదు. "మొగుణ్ణి కాపాడుకోవడానికి వచ్చావు, బాగానే ఉంది. అయినా లాంచీ ముందు మనిషిని పెట్టుకుని, అంత దూరాన ఇంటి కిటికీలో చెయ్యి చూసి ఎవడైనా తిప్పుతాడమ్మా?"

"తిప్పుతారండీ."

"ఎలా ఎత్తావో చూపించు."

కర్ర చంకలో బిగించి కుడి చెయ్యి ఎత్తాను. గ్లౌజు లేదు, ఏమీ లేదు, ఖాళీ చెయ్యి.

బల్ల మీద ఊరికే పెట్టి ఉన్న ఆయన రెండు చేతులూ పిడికిళ్ళు బిగుసుకుని ఎడమకి తిరిగాయి. మోచెయ్యి తగిలి మంచినీళ్ళ గ్లాసు దొర్లిపోయింది. ఆయన తన చేతులకేసే చూసుకున్నారు, ఎవరివో అన్నట్టు.

అధికారి ఇక ఏమీ అడగలేదు. తడిసిన కాగితాలు ఎత్తి దులుపుకున్నారు.

బయట వరండాలో పిల్ల నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టాల్సింది. "కుడి చెయ్యే కదక్కా" అంది, "కుడి చెయ్యే" అంది మళ్ళీ. తర్వాత "మొన్న ఎందుకు చెప్పలేదు?" అంది. నేను జవాబు చెప్పకముందే వెళ్ళిపోయింది.

జూలై 7

లైసెన్సు ఉంచారు, గట్టిగా హెచ్చరించి. పిల్ల మీద మచ్చ లేదని రాసి రేవులో అంటించారు. ఇంకో షరతు నోటితోనే చెప్పారట అధికారి. లాంచీ ముందు ఎవరో ఒకరే ఉండాలి. నేను కూర్చుంటే నేను, ఆ పిల్ల కూర్చుంటే ఆ పిల్ల. ఆవిడ కూర్చున్నప్పుడు నేను ఆయన కంటికి ఆనకూడదు.

"నువ్వే తేల్చు" అన్నారు ఆయన. "కట్టు విప్పాక వస్తానంటే నీ చోటు నీదే. నేను కాదనను."

జూలై 19

కట్టు విప్పారు. మోకాలు వంగుతోంది, సగం దాకా. ఇంకా వంగుతుందన్నాడు డాక్టరు. ముందు కూర్చోవడానికి పట్టుకుని కూర్చుంటే కూర్చోగలను. మోకాలి మీదికి తోసెయ్యడం చాలా తేలిక, ఆయన కూడా ఒప్పుకుంటారు. ఇక్కడ మాత్రం తోసెయ్యను.

ఆ పిల్ల నాకంటే ముందు చూసింది. నేను పైన ఉన్నాను, చేతిలో బైనాక్యులర్ ఉంది. ఆవిడ నీటి మట్టాన ఉంది. అయినా ముందు చూసింది. ఈ ఒక్క ముక్క రాయడానికి పొద్దున్నుంచి రెండుసార్లు టీ పెట్టుకున్నాను.

ఆయనకి చెప్పేశాను, ఆవిడనే కూర్చోమనండి అని.

"నిజంగానా?" అన్నారు.

"మళ్ళీ అడక్కండి. మనసు మారిపోతుంది."

ఆగస్టు 11

లాంచీ బాగుచేసి నీళ్ళలో దింపారు. పిల్ల మణికట్టు అతుక్కుంది. ఈరోజు మొదటి ట్రిప్పు. ఎగువ దుంగలు ఇంకా పూర్తిగా రాలేదంటున్నారు, వానలు తగ్గేదాకా వస్తూనే ఉంటాయి.

మలుపు దగ్గర ఇంజను హోరు వినబడగానే కిటికీ మూసి గడియ పెట్టాను. చూడకుండా వినడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది. ఇంజను ఒకసారి మందగించింది. మళ్ళీ అందుకుంది. మళ్ళీ మందగించింది. ఎక్కడో ఆ పిల్ల చెయ్యి లేస్తోంది, ఆయన తిప్పుతున్నారు. తలుపులు మూసిన గదిలో, ఎవరూ చూడని చోట, నా చేతులు వాటంతటవే లేవబోయాయి. రెండూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. లాంచీ రేవుకి ఆనుకున్న చప్పుడు, మనుషులు దిగుతున్న చప్పుడు, ఎవరో నవ్విన చప్పుడు వినిపించేదాకా అలాగే కూర్చున్నాను.

క్షేమంగా వచ్చారు. నాకు ఇంకా కుళ్ళుగానే ఉంది.